"ఆమెకి ఇల్లూ వాకిలీ లేదా?" అని మా అమ్మ అడిగింది, మీరేమంటారు?

కావలి పిల్ల

జవాబు తెలియక ఇక్కడ పెడుతున్నా, సినిమాలు బాగా చూసేవాళ్ళు చెప్పండి.

మాది కావలి. నాన్న షాపు మూసి ఇంటికొచ్చేసరికి పది అవుతుంది, అందాకా నేనూ అమ్మా తెలుగు డబ్బింగ్‌లో వచ్చే ఇంగ్లీషు సిరీసులు చూస్తుంటాం. అమ్మ చదివింది ఏడో తరగతే గానీ కథ పట్టుకోవడంలో నాకన్నా చురుకు, హంతకుడెవరో మూడో ఎపిసోడ్‌కే చెప్పేస్తుంది. మొన్న ఒకటి చూస్తున్నాం, అందులో హీరోయిన్‌కి ఆఫీసులో ఒక స్నేహితురాలు, నల్లామె, బొద్దుగా ఉంటుంది, ఎప్పుడూ నవ్వుతుంటుంది. హీరోయిన్ ఏడిస్తే వచ్చేస్తుంది, మొగుడితో గొడవైతే వచ్చేస్తుంది, అర్ధరాత్రి ఫోన్ చేసినా ఐస్‌క్రీం డబ్బా పట్టుకుని వచ్చేస్తుంది. ఆరో ఎపిసోడో ఏడోదో నడుస్తుంటే అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తా తీస్తా అడిగింది: "ఏమ్మే, ఈ నల్లామె ఎప్పుడు చూసినా ఈ పిల్ల ఇంట్లోనే ఉంటదే, ఆమెకి ఇల్లూ వాకిలీ లేదా? మొగుడూ పిల్లోళ్ళూ ఎవురూ లేరా? ఆమె ఏడిస్తే ఎవురు పోతారు?"

నేను నవ్వేశా. కానీ అప్పటినుంచి ఏది పెట్టినా అదే కనపడుతోంది. పోలీసు కథల్లో హీరో మీద అరిచే పై ఆఫీసరు నల్లామె, ఆసుపత్రిలో నర్సు నల్లామె, కోర్టులో జడ్జి నల్లామె. అందరికీ ఉద్యోగం ఉంది, ఒక్కరికీ వంటగది లేదు. వాళ్ళ ఇంటి తలుపు తీసి లోపల ఏముందో ఎవరూ చూపించరు.

ఇది నాకే అనిపిస్తోందా, నిజంగానే అట్లా రాస్తారా? ఎప్పటినుంచి? ఇల్లు ఉన్న నల్లజాతి ఆడవాళ్ళ కథలు ఏవైనా ఉంటే పేర్లు చెప్పండి, అమ్మకి చూపించాలి. దయచేసి కొట్టుకోవద్దు.

పెన్నా ఒడ్డు

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పమ్మా. అమెరికాలో ప్రొఫెసర్లు పుస్తకాలకి పుస్తకాలు రాసిన సంగతిని చిక్కుడుకాయల మధ్యలో పట్టేసింది ఆమె.

నీకే అనిపించడం కాదు. దీనికి పాత పేరుంది, 'మామీ' అంటారు. తెల్లవాళ్ళ ఇంట్లో పనిచేసే లావుపాటి నల్లామె. వాళ్ళ పిల్లల్ని తన పిల్లలకన్నా ఎక్కువ చూసుకుంటుంది, దొరసానిని ముద్దుగా కసురుకుంటుంది, తన గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడదు. బానిసలుగా ఉన్న రోజుల్లో వాళ్ళు సంతోషంగానే ఉన్నారు కదా అని చెప్పుకోవడానికి పనికొచ్చిన బొమ్మ అది. 1939లో వచ్చిన 'గాన్ విత్ ద విండ్'లో హాటీ మెక్‌డేనియల్ వేసిన పాత్రకి సొంత పేరు కూడా లేదు, అందరూ మామీ అనే పిలుస్తారు. ఆ పాత్రకే 1940లో ఆమెకి ఆస్కార్ వచ్చింది, నల్లజాతి వాళ్ళలో అదే మొదటిది. ఆ ఫంక్షన్ పెట్టిన లాస్ ఏంజిలిస్ హోటల్‌లోకేమో నల్లవాళ్ళని రానివ్వరు. నిర్మాత బతిమాలుకుంటే రానిచ్చారు గానీ, తనతో నటించిన వాళ్ళ పక్కన కాకుండా గోడవారగా విడిగా ఒక చిన్న బల్ల వేశారు. అంతకుముందు డిసెంబర్లో అట్లాంటాలో మొదటి ఆట వేసినప్పుడైతే అసలు వెళ్ళడానికే లేకపోయింది. టీ కొట్లో రెండు రకాల గ్లాసులు చూసిన మా తరానికి ఇదేం కొత్తగా వివరించక్కర్లేదులే.

టీవీకి వస్తే 1950లో 'బ్యూలా' అని ఒక సీరియల్. పేరు ఆమెదే, కథంతా ఆమె చుట్టూనే, ఇల్లు మాత్రం హెండర్సన్లు అనే తెల్ల కుటుంబానిది. వాళ్ళకొచ్చిన ప్రతి చిక్కునీ వాళ్ళ పనిమనిషి బ్యూలా విప్పుతుంది. మీ అమ్మగారి ప్రశ్న అప్పుడే అడిగుండాల్సింది. ఇందులో ఇంకో తమాషా ఉంది, అంతకుముందు ఇదే పాత్ర రేడియోలో వచ్చేటప్పుడు మొదట ఆమెకి గొంతిచ్చింది ఎవరనుకున్నారు, మార్లిన్ హర్ట్ అనే తెల్లాయన! మగమనిషి. 1947కి గానీ హాటీ మెక్‌డేనియల్ చేతికి రాలేదు.

ఇక మీరు చెప్పిన 'అరిచే పై ఆఫీసరు' ఉందే, ఆమె వేరే అచ్చులోంచి వచ్చింది. 'అమోస్ అండ్ ఆండీ' అనే హాస్య కార్యక్రమంలో సఫైర్ అని ఒక భార్య, నోరేసుకుని మొగుడి మీద పడుతుంటుంది. ఆ పేరే గయ్యాళి నల్లామెకి ముద్రగా మిగిలిపోయింది. మనకి సూర్యకాంతం గారి పుణ్యమా అని ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడం మానేసినట్టు. కాకపోతే తేడా చూడండి, సూర్యకాంతం గారి పక్కన అదే సినిమాలో సావిత్రి ఉండేది, జమున ఉండేది, ఓ అమాయకపు చెల్లెలు ఉండేది, కాబట్టి తెలుగు ఆడవాళ్ళంతా ఇంతే అని ఎవరూ అనుకోలేదు. అక్కడ కథ మొత్తానికి ఆమె ఒక్కతే నల్లామె. ఆ ఒక్కతీ అరిచిందంటే చూసేవాడికి జాతి మొత్తం అరిచినట్టే.

ఇల్లున్న ఆమె అంటే ముందుగా 1968లో వచ్చిన 'జూలియా' సీరియల్ చెప్పాలి. డయాన్ కారల్ నర్సుగా చేసింది, మొగుడు వియత్నాంలో చనిపోయాడు, చిన్న కొడుకు, సొంతంగా ఒక ఫ్లాటు. పనిమనిషి కాదు, ఎవరికీ పనిమనిషి కాదు! అయినా తిట్టారు పాపం. మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన ఏడాది అది, ఊళ్ళు తగలబడుతుంటే ఈమె ఇంట్లో ఏ గొడవా లేదేంటి అని. రెండువైపులా నిజముందనే అనిపిస్తుంది నాకు.

లేఅవుట్ కుర్రోడు

బాబాయ్ మీరు రాసింది బానే ఉంది గానీ ఇదంతా మనకెందుకు చెప్పండి. మన సినిమాలో హీరోయిన్ ముంబై నుంచి దిగాలి, ఆమెకి తెలుగు రాదు, పల్లెటూరి పిల్ల అంటే ఆమెకే మొహానికి ఇంత నలుపు పూస్తారు. నిజంగా నల్లగా ఉన్న అమ్మాయి పెళ్ళిచూపుల కామెడీ సీన్లో పది సెకన్లు కనపడాలి, వెనక నుంచి ఒక వెకిలి మ్యూజిక్. ముందు ఇది చూసుకుందాం, అమెరికా సంగతి తర్వాత.

ఇంకోటి, ఇప్పుడు రివర్స్ అయింది కదా. అన్నిట్లో వాళ్ళనే పెడుతున్నారు. 2023లో డిస్నీ వాళ్ళు సాగరకన్యని కూడా వదల్లేదు, నల్లమ్మాయినే పెట్టారు. ఎప్పట్నుంచో ఉన్న కథని మార్చడం ఎందుకు?

పెన్నా ఒడ్డు

సాగరకన్య ఆధార్ కార్డు నువ్వు చూశావా అబ్బాయ్? సగం చేప, ఆ సగం గురించి నీకు అభ్యంతరం లేదు, పై సగం రంగు దగ్గరే పట్టింపు వచ్చిందా.

డిస్నీ సంగతే తీశావు కాబట్టి, వాళ్ళ మొదటి నల్లజాతి రాకుమారి టియానా 2009లో వచ్చింది. అంతకాలం ఆగి తీసుకొచ్చారా, తెచ్చి సినిమాలో చాలా భాగం ఆమెని కప్పని చేసి గెంతించారు. పాపం ఆ పిల్లకి హోటల్ పెట్టుకోవాలని కోరిక, దానికోసం రాత్రింబగళ్ళు పని.

నలుపు పూయడం అన్నావే, అది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా, అక్కడా ఉంది. నీనా సిమోన్ అని గొప్ప గాయని, తన నలుపునీ తన ముక్కునీ దాచుకోకుండా నిలబడిన మనిషి. ఆమె మీద 2016లో తీసిన సినిమాలో జోయీ సల్దానాకి రంగు ముదురుగా పూసి పెట్టుడు ముక్కు పెట్టారు. జోయీ కూడా ఆ జాతి మూలాలున్న మనిషే, కాకపోతే లేత రంగు. బాగా నల్లగా ఉన్న నటికి ఆమె కథలో కూడా చోటు దొరకలేదన్నమాట. 2020లో ఆ పాత్ర తను చెయ్యకుండా ఉండాల్సిందని జోయీ సల్దానా క్షమాపణ చెప్పింది. మనవాళ్ళెవరైనా చెప్పారా ఇంతవరకు?

లేఅవుట్ కుర్రోడు

సరే ఆధార్ కార్డుకి నవ్వొచ్చింది, ఒప్పుకుంటా 😀 కానీ 'గోస్ట్' చూడండి, ఆత్మలతో మాట్లాడే ఆమెగా ఊపీ గోల్డ్‌బర్గ్. ఆమె లేకపోతే ఆ సినిమానే లేదు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది కదా. ఆమెకి ఇల్లు కూడా ఉంది, అక్కచెల్లెళ్ళు ఉన్నారు.

కావలి పిల్ల

ఉంది నిజమే, నేనూ నిన్న రాత్రి మళ్ళీ చూశా ఈ థ్రెడ్ వల్ల. కానీ ఆ ఇంటికి కెమెరా వెళ్ళేది తెల్ల హీరో ఆత్మకి పని పడ్డప్పుడే. చివరికి ఆ హీరో తన ప్రియురాలిని ముట్టుకోవాలంటే ఈమె ఒంట్లో దూరాలి. నలభై లక్షల డాలర్ల చెక్కు చేతికొస్తే, పాపం ఎంత మురిసిపోతుందో, అది కూడా ఆమె చేత్తోనే ఇల్లులేనివాళ్ళ కోసం పనిచేసే సన్యాసినులకి ఇప్పించేస్తారు. అమ్మ అయితే "అయ్యో కొంచెమన్నా ఉంచుకోనియ్యరాదా" అని గట్టిగానే అంది.

ఊపీకి ఆస్కార్ 1991లో. హాటీ 1940. మధ్యలో యాభై ఒక్క ఏళ్ళు ఒక్క నల్లజాతి నటికీ రాలేదని ఇప్పుడే లెక్క చూసుకున్నా.

ఒంగోలు ఫోటో బాబాయ్

కథల సంగతి పెద్దాయన చెప్పాడు, నేను లైటు సంగతి చెప్తా, ఎందుకంటే ఇది ఎవరూ మాట్లాడరు.

ఒంగోల్లో స్టూడియో నాది, పెళ్ళిళ్ళు తీస్తా, రీలు కాలం నుంచి ఉన్నా. అప్పట్లో చామనఛాయ పెళ్ళికూతురూ ఎర్రటి పెళ్ళికొడుకూ పీటల మీద పక్కపక్కన కూర్చుంటే నాకు టెన్షన్. అబ్బాయికి సరిపోయేట్టు తీస్తే అమ్మాయి మొహంలో కళ్ళు, ముక్కుపుడక తప్ప ఏం కనపడవు. అమ్మాయికి సరిపోయేట్టు తీస్తే అబ్బాయి పంచె, మొహం అన్నీ కలిసి తెల్లగా పేలిపోయేవి. నా చేతకానితనం అనుకునేవాణ్ణి చాన్నాళ్ళు. తర్వాత తెలిసింది, రీలు తయారవడమే అట్టా తయారైంది. కొడాక్ వాళ్ళు ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి ఒక కార్డు పంపేవాళ్ళు, షర్లీ కార్డు అంటారు, దాని మీద ఒక తెల్లామె బొమ్మ. ఆమె ఒంటి రంగు బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు లెక్క. వేరే రంగు మనుషులు ఆ లెక్కలోనే లేరు. స్కూలు గ్రూపు ఫోటోల్లో మా పిల్లల మొహాలు రావట్లేదని నల్లజాతి తల్లులు మొత్తుకుంటే కదలని వాళ్ళు, మా చాక్లెట్ల రంగుల తేడా తెలియట్లేదని చాక్లెట్ కంపెనీలు, మా చెక్క తేడా తెలియట్లేదని ఫర్నిచర్ వాళ్ళు అడిగాక రీలు మార్చారంట. మనిషికి లేని విలువ బల్లకొచ్చింది.

సినిమాలు తీసిందీ ఆ రకం రీలు మీదే. సెట్లో తెల్ల హీరోయిన్‌కి లైటు పెట్టేసి నల్లామెని పక్కన నిలబెడితే ఆమె మొహం వెనక గోడలో కలిసిపోద్ది. ఇక ఆమె ఎంత నటిస్తే మాత్రం ఏం లాభం, కనుబొమ్మ కదిలింది కూడా మనకి తెలియదు. అందుకే చేతులు తిప్పి, గొంతు పెంచి, కళ్ళు పెద్దవి చేసి చెయ్యాల్సొచ్చిందేమో వాళ్ళకి అని నా అనుమానం. ఇది నా ఊహే, ఎక్కడా చదవలేదు.

2016లో 'ఇన్‌సెక్యూర్' అని ఒక సిరీస్ మొదలైంది, ఇసా రే చేసింది. అమ్మాయ్, నీ లిస్టులో రాసుకో, ఆమెకి ఇల్లుంది, ఇంట్లో అద్దం ముందు నిలబడి తనలో తను పాటలు కట్టుకుంటుంది. దానికి కెమెరా పట్టిన ఏవా బెర్కాఫ్‌స్కీ ఏం చేసిందంటే, మొహాన పౌడర్ కొట్టి మెరుపు చంపకుండా, చర్మం మెరిసేట్టు క్రీము రాయించి, లైటు నేరుగా కొట్టకుండా తెల్ల బోర్డు మీద కొట్టి ఆ వెలుతురు మొహం మీద పడేట్టు చేసింది. నల్లటి చర్మం లైటుని తాగేసి ఊరుకోదు, సరిగ్గా పెడితే అద్దంలా తిరిగిస్తుంది. నేను అది చదివి రెండు థర్మాకోల్ షీట్లు కొని ఒక చీమకుర్తి పెళ్ళిలో అదే చేశా. అబ్బా ఏం వచ్చిందయ్యా ఫోటో. ఆ పిల్ల వాళ్ళమ్మ మాత్రం ఆల్బం చూసి "కొంచెం తెల్లగా తెప్పించకూడదా" అంది. ఆ పిల్లే అడ్డుపడి "ఉండనీమ్మా నా రంగు" అంది. అదే ఊళ్ళో నల్ల గ్రానైట్ రాయికైతే మంచి రేటు, దానికి బ్లాక్ గెలాక్సీ అని పేరు పెట్టి ఓడలెక్కిస్తారు.

గూడూరు అక్క

రాద్దామా వద్దా అని రెండు రోజులు ఆగా.

నేను చాలా ఏళ్ళు డబ్బింగ్ చెప్పాను. గూడూరులో పొద్దున్నే రైలెక్కి చెన్నై పోయి, పని అయ్యాక రాత్రికి ఇంటికి. పెద్ద పేరేం లేదు, గుంపు గొంతులు, చిన్న పాత్రలు. నా గొంతు కొంచెం బండ. అందుకని తెర మీద నల్లామె కనపడితే చాలు నాకే కబురొచ్చేది. సన్నటి గొంతులన్నీ తెల్ల హీరోయిన్లకి వెళ్ళేవి. నల్లామె అసలు గొంతు సన్నగానే ఉండొచ్చు, ఎవరూ వినరు దాన్ని.

ఒకసారి ఒక సినిమా. ఏ సినిమా, ఏ స్టూడియో అని అడగొద్దు. అందులో ఆమె లాయరు. కేసు ఓడిపోయి కారులో కూర్చుని ఫోన్లో చెల్లెలితో మెల్లగా, దాదాపు గుసగుసగా, నాకు చాలా అలసటగా ఉందే అంటుంది. నేను అట్లాగే చెప్పా. లోపలి నుంచి మైకులో "అంత మెత్తగా కాదమ్మా, జనం ఒప్పుకోరు, మాస్‌గా కొట్టు" అన్నారు. మాట కూడా మార్చేశారు, "నాతో పెట్టుకుంటే ఎట్టుంటదో రేపు చూపిస్తా" అని. పెదాలేమో మెల్లగా కదులుతున్నాయి, మాటేమో పెద్దది, నాలుగు టేకులు పోయాయి సరిపెట్టడానికి. చివరికి సరిపోయింది. తెలుగులో చూసినవాళ్ళకి ఆమె అలసిపోయిన సంగతే తెలియదు. అది చేసింది నా గొంతే, డబ్బులు తీసుకుని రైలెక్కి వచ్చేశా.

ఇంకా ఉంది. హీరోయిన్ మాట్లాడేది పేపర్లో రాసే తెలుగు. నల్లామెకి మాత్రం యాస పెట్టమనేవాళ్ళు, నవ్వు రావడానికి. ఒకసారి "మీది నెల్లూరు సైడే కదా, ఆ 'ఏంది, యాడ, ఎట్టా' వెయ్యండి, భలే కామెడీగా ఉంటది" అన్నారు. మా అమ్మ నాకు అన్నం పెట్టేటప్పుడు మాట్లాడిన మాటలవి. అవే నాచేత వెక్కిరింపుగా చెప్పించి ఆమె నోట్లో పెట్టారు. పై ఆయన రేడియోలో తెల్లాయన బ్యూలా గొంతు చెప్పాడని రాశాడే, అది చదివితే నాకు నవ్వు రాలేదు.

కాబట్టి అమ్మాయ్, మీ అమ్మకి చూపించేది ఏదైనా వీలైతే డబ్బింగ్‌లో వద్దు. నువ్వు పక్కన కూర్చుని అర్థం చెప్పు, గొంతు ఆమెదే విననీ.

ఒక్కటి చెప్పి ఆపేస్తా. వయోలా డేవిస్ లాయర్ ప్రొఫెసర్‌గా చేసిన సిరీస్ ఉంది, 'హౌ టు గెట్ అవే విత్ మర్డర్', 2014లో మొదలైంది. మొదటి సీజన్‌లోనే ఒక రాత్రి ఆమె అద్దం ముందు కూర్చుని విగ్గు తీస్తుంది, పెట్టుడు రెప్పవెంట్రుకలు పీకుతుంది, మొహం తుడుచుకుంటుంది, మాట లేదు. లోపల పొట్టి జుట్టు. పడగ్గది, ఆమె ఇల్లు, ఆమె మొహం. నేను ఫోన్ పక్కన పెట్టేశా కాసేపు. మరుసటి ఏడాదే ఆమెకి ఎమ్మీ వచ్చింది, డ్రామాలో ప్రధాన నటిగా ఆ బహుమతి తీసుకున్న మొదటి నల్లజాతి స్త్రీ. నాకు ఇంకోటి కూడా తట్టింది. మనం కొండ మీద ఇచ్చే తలనీలాలు దేవస్థానం వేలం వేస్తుంది కదా, మన వైపు నుంచి పోయే ఆ వెంట్రుకలు విగ్గులై, అతుకుల జుట్టై ఆ దేశాల్లో అమ్ముడుపోతాయి. నేను మా పెద్దాడు పుట్టాక ఇచ్చిన జుట్టు ఎవరి తల మీద ఉందో.

హాస్టల్ పిల్ల

అక్కా మీ పోస్టు చదివి లాగిన్ అయ్యా. మాది కందుకూరు దగ్గర. నేను గుంటూరు వైపు ఎంబీయే చేసేటప్పుడు మా క్లాసులో టాంజానియా అమ్మాయి ఉండేది, మా హాస్టల్లోనే. మేమంతా ఆమె అంటే కొంచెం భయంగా, కొంచెం గొప్పగా చూసేవాళ్ళం, ఈమె ఎవరినైనా కొట్టేస్తుంది అని. ఆమె ఎవరినీ ఏమీ అన్నది కాదు, సినిమాలు చూసి వచ్చిన ఐడియా అంతే. దసరా సెలవులకి అందరం ఊళ్ళకి పోయాం, ఆమె ఒక్కతే ఉంది ఆ ఫ్లోర్‌లో. తిరిగొచ్చాక చెప్పింది, తనకి చీకటంటే భయం అని, పది రోజులూ లైటు వేసుకునే పడుకున్నానని. నేను నిజమా అన్నా! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మా ఇంటికి రా అని ఒక్కరం కూడా అనలేదు.

షార్ కాలనీ కోడలు

లిస్టు అడిగింది కదా ఆ అమ్మాయి, అందరూ కథలు చెప్తున్నారు, నేను లిస్టుకి ఒకటి ఇస్తా. 'హిడెన్ ఫిగర్స్', 2016.

మాది సూళ్లూరుపేట. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి కింద పెట్టారు గానీ మేం నెల్లూరనే చెప్పుకుంటాం. రాకెట్ పోయినప్పుడల్లా మా కిటికీలు గడగడలాడతాయి, డాబా ఎక్కి చూసి దిగొచ్చి కూర పెట్టుకుంటాం. మా అత్త షార్‌లో, అదే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, పనిచేసి రిటైరైంది. ఆమే చూపించింది నాకు ఈ సినిమా. కేథరిన్ జాన్సన్, డొరొతీ వాన్, మేరీ జాక్సన్, నాసాలో లెక్కలు చేసిన ముగ్గురు నల్లజాతి ఆడవాళ్ళు. అప్పట్లో కంప్యూటర్ అంటే మిషన్ కాదు, కూర్చుని లెక్కలు కట్టే మనిషి, ఆ ఉద్యోగం పేరే అది. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరగడానికి పోయే ముందు, మిషన్ ఇచ్చిన అంకెల్ని కేథరిన్ చేత్తో సరిచూస్తే గానీ ఎక్కనన్నాడు, అది నిజంగా జరిగింది. సినిమాలో ఇళ్ళున్నాయి, మొగుళ్ళున్నారు, పిల్లలున్నారు, చర్చి, భోజనాలు, ముగ్గురూ కూర్చుని తాగి నవ్వుకోవడం, అన్నీ ఉన్నాయి. మీ అమ్మకి నచ్చుతుంది.

కానీ ఒక కిరికిరి ఉంది, చెప్పకపోతే మా అత్త ఊరుకోదు. సినిమాలో కేథరిన్ బాత్రూంకి అర మైలు పరిగెత్తుతుంది, నల్లవాళ్ళది దూరంగా ఉంటుంది కాబట్టి. అది తెలిసి తెల్ల బాసు సుత్తి తీసుకుని ఆ బోర్డు పగలగొడతాడు. థియేటర్లో అయితే చప్పట్లు పడే సీను. అట్టాంటిదేం జరగలేదు, ఆ బాసే కల్పించిన పాత్ర. అసలు కేథరిన్ ఏం చేసిందంటే, బోర్డు లేని దగ్గరి బాత్రూంకే వెళ్ళిపోయేది, ఎవరేమన్నా మానలేదు. బాత్రూం కోసం తిప్పలు పడింది మేరీ జాక్సన్. మా అత్త అంటుంది, "ఆమె తన దోవన తను లోపలికి నడిచి వెళ్ళింది, సినిమావాడు దాన్ని మొగాయన చేతికి సుత్తిచ్చి తలుపు తీయించాడు" అని. డొరొతీ వాన్ సూపర్‌వైజర్ అయింది 1949లో, సినిమాలో 1961లో కూడా ఆ కుర్చీ కోసం అడుక్కుంటున్నట్టు పెట్టారు. కష్టం ఎక్కువ చూపించాలని వాళ్ళు సాధించింది తగ్గించారు. బాగున్న సినిమాలోనే ఇంత ఉంది.

పెన్నా ఒడ్డు

మీ అత్తగారిని ఇక్కడ ఖాతా తెరవమనండి అమ్మా.

వయోలా డేవిస్ మాట వచ్చింది కాబట్టి, 2011లో 'ద హెల్ప్' అనే సినిమాలో ఆమె పనిమనిషిగా చేసింది. దాంట్లోనే ఇంకో పనిమనిషిగా చేసిన ఆక్టేవియా స్పెన్సర్‌కి ఆస్కార్. అందరూ మెచ్చుకున్నారు. 2018లో వయోలానే ఆ పాత్ర చేసినందుకు బాధపడుతున్నానని చెప్పింది, చివరికి ఆ సినిమాలో వినపడింది పనిమనుషుల గొంతులు కావని. ఆస్కార్లు ఎక్కువగా వేటికొచ్చాయో చూసుకోండి, బానిస, ఆత్మలతో మాట్లాడే ఆమె, కూతుర్ని హింసించే తల్లి, పనిమనిషి, మళ్ళీ బానిస. ఇవన్నీ సహాయ నటి బహుమతులే. ప్రధాన నటిగా 2002లో హాలీ బెర్రీ తీసుకున్నప్పుడు తలుపు తెరుచుకుంది అన్నారు, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు దాటినా ఆ తలుపులోంచి ఇంకొకరు వచ్చింది లేదు.

రాసేవాళ్ళు, తీసేవాళ్ళు వాళ్ళలోంచి వచ్చినప్పుడే కాస్త మారింది. జూలీ డాష్ 1991లో 'డాటర్స్ ఆఫ్ ద డస్ట్' తీసింది, అమెరికాలో నల్లజాతి స్త్రీ తీసిన సినిమా దేశమంతా థియేటర్లలోకి రావడం అదే మొదలు. అందులో ఒక దీవి, ఒక ఇంటి ఆడవాళ్ళు, ముసలామె నుంచి పుట్టబోయే బిడ్డ దాకా. ఒక్క తెల్లామెకి కూడా సలహా చెప్పరు. నెమ్మదిగా నడుస్తుంది, లేఅవుట్ అబ్బాయ్ నిద్రపోతాడు.

లేఅవుట్ కుర్రోడు

నిద్రపోతే పోతా బాబాయ్, పేరు రాసుకున్నా. గూడూరు అక్క రాసింది చదివాక పెద్దగా అనేదేం లేదు. మన సినిమాల గురించి నేనన్నది మాత్రం వెనక్కి తీసుకోను.

కావలి పిల్ల

అందరికీ థాంక్స్. ఆదివారం అమ్మకి 'హిడెన్ ఫిగర్స్' పెట్టా, ఇంగ్లీషులోనే, నేను అర్థం చెప్తూ. గూడూరు అక్క చెప్పింది కరెక్టు, పావుగంట అయ్యాక నన్ను నోరు ముయ్యమంది, "ఆమె గొంతు ఇననీ" అని.

కేథరిన్ ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన ఉంగరం తీసి పెళ్ళి చేసుకుంటావా అని అడుగుతాడు, ముగ్గురు కూతుళ్ళూ వాళ్ళమ్మా అక్కడే ఉంటారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది, సరే, దీనికి ఇల్లుంది అనుకున్నా. అయిపోయాక లేచి గిన్నెలు సర్దుతా అడిగింది: "ఈ పిల్ల రాత్రిదాకా ఆఫీసులో లెక్కలేసుకుంటుంటే పిల్లోళ్ళకి అన్నం పెట్టి పడుకోబెట్టింది ఆ ముసలామే గదా, వాళ్ళమ్మ. ఆమె గురించి ఏం చెప్పలేదే?"

దీన్ని ఇక్కడే అడగాలా, వేరే టాపిక్ పెట్టాలా?